అమెరికా స్కానరా, మామూలు రేడియోనా? గోదావరి లంకల్లో వరద, తుపాను రోజులకు ఏది కొనాలి

జూలైలో గోదారికి ఎర్రనీరు వచ్చిన దగ్గర్నుంచి నవంబరు తుపాన్లు వెళ్లిపోయేదాకా లంకల్లో అందరి నోటా రెండే అంకెలు: భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులుంది, ధవళేశ్వరం నుంచి ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలారు. ఆ రెండూ వేళకు తెలిస్తే గొడ్డూగోదా ఎప్పుడు గట్టెక్కించాలో, ధాన్యం బస్తాలు ఎప్పుడు అటకెక్కించాలో ఎవరికి వారే తేల్చుకోగలరు. కాకపోతే ఆ కబురు మోసుకొచ్చే ఫోను సరిగ్గా అవసరమైన రాత్రే మూగబోతుంది. కరెంటు పోయాక సెల్ టవరు బ్యాటరీ మీద కొన్ని గంటలే నిలబడుతుంది. దారి మునిగితే జనరేటరుకు డీజిలూ చేరదు.

ఈ భయంతోనే చాలామంది రేడియో సెట్ల వైపు చూస్తున్నారు. అమెరికాలో ఉన్న పిల్లలు "అక్కడ పోలీసు, ఫైరు వాళ్ల మాటలు వినిపించే డిజిటల్ స్కానర్ దొరుకుతుంది, వచ్చేటప్పుడు తెస్తాం" అంటుంటారు. అరవై వేల రూపాయల పైమాట ఆ సెట్టు. అది డెల్టాలో ఏం చేస్తుందో, దాని బదులు ఏవేం ఉన్నాయో చూద్దాం.

కొనేముందు తేల్చుకోవలసినవి

అన్నిటికంటే ముందు, మీకు వినడం కావాలా, మాట్లాడడం కావాలా? హెచ్చరిక వినడానికి రిసీవరు చాలు. అవతలి గట్టు మీద ఉన్న తమ్ముడిని పిలవాలంటే ట్రాన్స్‌మిటరు ఉండాలి. రెండో రకం దగ్గరికి రాగానే అనుమతుల సంగతి ఎదురవుతుంది. రేడియో పరికరాన్ని దగ్గర ఉంచుకోవడానికి మన దేశంలో అనుమతి గానీ మినహాయింపు గానీ ఉండాలి. ఇతరుల సందేశాలను చట్టవిరుద్ధంగా అడ్డగించి వింటే, టెలికమ్యూనికేషన్ల చట్టం 2023 ప్రకారం 3 ఏళ్ల దాకా జైలు, 2 కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఈ సెక్షను 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది.

తర్వాత చూడాల్సింది కరెంటు. బజారులో దొరికే సెల్లతో నడిచే సెట్టుకీ, ప్రత్యేకమైన బ్యాటరీతోనే నడిచే సెట్టుకీ తేడా మూడో రోజున బయటపడుతుంది. ఇంట్లో చదువు రాని మామ్మగారు కూడా చీకట్లో తడుముకుని పెట్టుకోగలరా అన్నది మరో పరీక్ష. ఇక అంతర్వేది, సఖినేటిపల్లి, ఓడలరేవు వైపు ఉప్పుగాలి సంగతి చెప్పక్కర్లేదు. యాంటెన్నా కనెక్టరు పచ్చగా చిలుము పట్టడానికి ఒక్క వర్షాకాలం చాలు.

డిజిటల్ స్కానర్: మంచి యంత్రమే, మన ఊరిది కాదు

యూనిడెన్ ఎస్‌డీఎస్100, ఎస్‌డీఎస్200, బీసీడీ436హెచ్‌పీ, విజ్లర్ టీఆర్‌ఎక్స్-1 వంటి సెట్లు అమెరికా, కెనడా వ్యవస్థల కోసం తయారైనవి. అక్కడ పోలీసు, ఫైరు శాఖలు ఎక్కువగా పీ25 అనే డిజిటల్ పద్ధతిలో మాట్లాడుకుంటాయి. మొదటి దశ పీ25లో 12.5 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒక ఛానెల్‌లో ఒకే సంభాషణ సాగుతుంది. రెండో దశలో అదే వెడల్పును కాలం ప్రకారం రెండు వాటాలు చేసి రెండు సంభాషణలు నడుపుతారు. వీటి మీద ట్రంకింగ్ ఉంటుంది. ఏ బృందానికీ స్థిరమైన ఛానెల్ ఉండదు, కంట్రోల్ ఛానెల్ చెప్పినప్పుడల్లా ఖాళీగా ఉన్న ఛానెల్‌లోకి మారుతుంటారు. స్కానర్ ఆ కంట్రోల్ ఛానెల్‌ను చదువుతూ వాళ్ల వెంటే పరిగెడుతుంది. ఆ ఊరి జిప్ కోడ్ కొడితే చాలు, లోపలున్న డేటాబేసు అక్కడి వ్యవస్థలన్నీ పెట్టేస్తుంది.

అమలాపురం పిన్ కోడ్ కొడితే ఏమీ రాదు. డేటాబేసులో మన దేశమే లేదు. పైగా ఢిల్లీ మెట్రో వంటివి వాడే టెట్రా పద్ధతిని ఈ స్కానర్లలో ఏదీ విప్పలేదు. టెట్రాలో 25 కిలోహెర్ట్జ్‌ను నాలుగు వాటాలు చేస్తారు, మాడ్యులేషనూ వేరు. ఎన్‌క్రిప్షన్ పెట్టిన మాటలు, అంటే తాళంచెవి ఉన్నవాళ్లకే అర్థమయ్యేలా రహస్య సంకేతంగా మార్చినవి, ఎంత ఖరీదు పెట్టినా ఏ స్కానరులోనూ వినపడవు. వినపడే మామూలు పోలీసు ఛానెల్ ఏదైనా ఉందనుకున్నా, అది వినడం పైన చెప్పిన సెక్షను కిందికి వస్తుంది. ఇంత చేసి విన్నా లంకవాసికి కావలసిన కబురు అందులో ఉండదు. నీటిమట్టం, తుపాను దారి, ఖాళీ చేయాల్సిన ఊళ్లు, ఇవన్నీ బులెటిన్లుగా ఆకాశవాణికీ, కలెక్టరేట్‌కూ, గ్రామ సచివాలయానికీ బాహాటంగానే వస్తాయి. అంచేత డెల్టాలో ఉండేవాళ్లు స్కానరు తెప్పించుకోవద్దని గట్టిగా చెబుతున్నాం.

అమెరికాలోనే ఉండి, అక్కడి తుపాన్లకీ కార్చిచ్చులకీ స్కానరు కావాలనుకునే పిల్లలకు మాత్రం ఎంపిక ఇలా సాగాలి. ముందు మీ కౌంటీ (అక్కడి జిల్లా లాంటిది) వ్యవస్థ ఎన్‌క్రిప్ట్ అయిందో లేదో చూసుకోండి. అయివుంటే అక్కడితో ఆగిపోండి. ఫైరు శాఖ ఇంకా మామూలు అనలాగ్‌లోనే ఉంటే బీసీ125ఏటీ వంటి చవక సెట్టు చాలు. డిజిటల్ అయితే సైమల్‌కాస్ట్ ఉందా అన్నది అడగండి. ఒకే మాటను ఒకే ఫ్రీక్వెన్సీలో నాలుగైదు టవర్లు ఒక్కసారిగా ప్రసారం చేయడమే సైమల్‌కాస్ట్. దూరాల తేడా వల్ల ఆ సంకేతాలు కొన్ని మైక్రోసెకన్ల ఎడంతో వచ్చి ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. సిగ్నలు నిండుగా చూపిస్తూనే మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. పాత రకం రిసీవర్లు ఇక్కడే తడబడతాయి. బీసీడీ436హెచ్‌పీ, టీఆర్‌ఎక్స్-1 ఈ జాతివే. ఎస్‌డీఎస్100, ఎస్‌డీఎస్200 సంకేతం బలంతోపాటు దాని దశను కూడా అంకెలుగా పట్టుకుని (వీటినే ఐ-క్యూ నమూనాలంటారు) పనిచేస్తాయి కాబట్టి చాలావరకు తట్టుకుంటాయి. దాదాపు 700 డాలర్ల ధర అందుకే. ఊరికి ఒకటే టవరున్న పల్లె కౌంటీలో ఆ డబ్బు దండగ. యూనిడెన్‌లో డీఎంఆర్, ఎన్‌ఎక్స్‌డీఎన్ అనే మరో రెండు డిజిటల్ పద్ధతులకు విడిగా డబ్బు కట్టి తాళం తెరిపించుకోవాలి, విజ్లర్‌లో అవి సెట్టుతోపాటే వస్తాయి. న్యూయార్క్, ఫ్లోరిడా వంటి కొన్ని రాష్ట్రాల్లో కారులో స్కానరు పెట్టుకోవడం మీద ఆంక్షలున్నాయి, అదీ చూసుకోవాలి.

ట్రాన్సిస్టర్ రేడియో

దీన్ని చిన్నచూపు చూడకండి. మీడియం వేవ్‌లో ఆకాశవాణి విజయవాడ 837, విశాఖపట్నం 927, హైదరాబాదు 738 కిలోహెర్ట్జ్. అమలాపురం నుంచి విజయవాడ గాలివాటున దాదాపు 150 కిలోమీటర్లు. మీడియం వేవ్ నేలనంటి పోతుంది కాబట్టి పగటిపూట అంత దూరమూ అందుతుంది, వేటకెళ్లిన పడవల దాకా వెళుతుంది. ఎఫ్ఎం అలా కాదు, టవరు కనుచూపు మేర దాటితే సన్నగిల్లుతుంది. అందుకే కొనేటప్పుడు ఎఫ్ఎం మాత్రమే ఉన్న సెట్టు తీసుకోకండి. ఇప్పుడు అమ్మే చవక బ్లూటూత్ స్పీకర్లలో రేడియో అంటే ఎఫ్ఎం ఒక్కటే.

మీడియం వేవ్ సరిగ్గా రాకపోతే తప్పు చాలాసార్లు సెట్టుది కాదు. లోపల ఫెర్రైట్ కడ్డీయే యాంటెన్నా. కడ్డీ మొనలు చూపే వైపు నుంచి సిగ్నలు దాదాపు అందదు, దాని పక్కల వైపు నుంచి బాగా అందుతుంది. కడ్డీ చాలా సెట్లలో పొడవునా అడ్డంగా ఉంటుంది. కోనసీమ నుంచి విజయవాడ పడమర కాబట్టి సెట్టు ముఖం పడమరకో తూర్పుకో ఉండేట్టు పెడితే కడ్డీ ఉత్తర దక్షిణాలుగా పడుకుంటుంది. ఆ తర్వాత కొద్దికొద్దిగా తిప్పుతూ గొంతు తేటపడే చోట ఆపండి. ఎల్‌ఈడీ బల్బులు, చవక ఛార్జర్లు, ఇన్వర్టరు మీడియం వేవ్‌లో గరగరమని మోత పెడతాయి. ఒక్కొక్కటే తీసి చూస్తే దొంగ దొరుకుతుంది. కరెంటు పోయిన రాత్రి రేడియో ఇంకా స్పష్టంగా వినపడడానికి కారణం ఇదే.

పెద్ద సెల్లు పట్టే సెట్టు తీసుకుంటే మంచిది. వాడనప్పుడు సెల్లు బయటికి తీసి పెట్టాలి. లోపలే ఉంచితే రసం కారి స్ప్రింగులు తినేస్తాయి, తీరా తుపాను రోజున సెట్టు మూగదవుతుంది. రేడియో వెనక ఒక కాగితం అంటించుకోండి. భద్రాచలం ప్రమాద హెచ్చరికలు 43, 48, 53 అడుగులు. ధవళేశ్వరం దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులు, అంటే దాదాపు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. 2022 జూలైలో భద్రాచలం 71 అడుగులు దాటింది. వార్తల్లో అంకె వినగానే దేనితో పోల్చుకోవాలో ఇంట్లో పిల్లలకీ తెలుస్తుంది.

446 వాకీటాకీ

446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ పవరు సెట్లకు 2018 నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. చిక్కల్లా ఆన్‌లైన్‌లో "లైసెన్సు అవసరం లేదు" అని రాసి అమ్మేవన్నీ ఈ ఫ్రీక్వెన్సీ పట్టీలో పనిచేసేవి కావు. అయిదు వాట్లు, పది కిలోమీటర్లు అని గొప్పలు రాసివుంటే అనుమానించండి. ఫ్రీక్వెన్సీ పట్టీ 446.0–446.2 అని స్పష్టంగా ఉందా, ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ సర్టిఫికెట్ నంబరుందా అని చూసి, బిల్లు దాచుకోండి.

కొబ్బరి తోటల్లో ఈ సెట్లతో కిలోమీటరు దాటడం కష్టం, తడిసిన ఆకులు ఈ ఫ్రీక్వెన్సీని బాగా తాగేస్తాయి. చెట్లు అడ్డులేని రొయ్యల చెరువుల మీద మాత్రం రెండు కిలోమీటర్ల పైన కూడా అందవచ్చు. చెరువు గట్టున కాపలా మనిషికీ ఇంటికీ మధ్య, పడవకీ రేవుకీ మధ్య ఇది బాగా సరిపోతుంది. ఊరికీ ఊరికీ మధ్య సరిపోదు.

హ్యామ్ సెట్టు

లైసెన్సు తీసుకుని, వ్యాపారానికి కాకుండా ఆసక్తి కొద్దీ రేడియోలో మాట్లాడుకునేవాళ్లను హ్యామ్‌లంటారు. ఊరి మొత్తానికి పనికొచ్చేది వాళ్ల సెట్టే, ఓపిక అడిగేదీ అదే. 12 ఏళ్లు నిండినవాళ్లెవరైనా పరీక్ష రాసి అమెచ్యూర్ లైసెన్సు తీసుకోవచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు రేడియో సిద్ధాంతం, నిబంధనలు చాలు. జనరల్ గ్రేడుకు నిమిషానికి 8 పదాల వేగంతో మోర్స్ (చుక్కలు, గీతల సంకేత భాష) కూడా రావాలి. దరఖాస్తు, పరీక్ష అయి, కాల్ సైన్ (రేడియోలో మీ గుర్తింపు పేరు) వచ్చేసరికి నెలలు పట్టవచ్చు. వరద మొదలయ్యాక ఆలోచించే పని కాదు, సంక్రాంతికే మొదలుపెట్టాలి.

వాడేవి ముఖ్యంగా రెండు పట్టీలు: 144–146 మెగాహెర్ట్జ్, 434–438 మెగాహెర్ట్జ్. మన తోటల్లో మొదటిదే మేలు, పొడవాటి తరంగం ఆకుల్ని కాస్త మెరుగ్గా దాటుతుంది. నేల బల్లపరుపు కాబట్టి ఇక్కడ దూరాన్ని తేల్చేది పవరు కాదు, ఎత్తు. ఇద్దరూ సెట్టు చేత్తో పట్టుకుని నేల మీద నిలబడితే అడ్డంకులు లేకపోయినా హద్దు పది కిలోమీటర్లే, తోటల్లో అందులో సగం కూడా రాదు. రెండు వైపులా యాంటెన్నా పది మీటర్ల ఎత్తున ఉంటే అదే హద్దు 26 కిలోమీటర్లకు పెరుగుతుంది. తుపాను షెల్టరు డాబా మీద ఒక గొట్టం నిలబెట్టి చిన్న యాంటెన్నా కట్టడం, ఖరీదైన సెట్టు కొనడం కంటే ఎన్నో రెట్లు మేలు.

కేబులు దగ్గర చాలామంది నష్టపోతారు. సన్నని ఆర్‌జీ-58 కేబులు 15 మీటర్లు వేస్తే ఈ పట్టీలో సుమారు సగం పవరు దారిలోనే హరించుకుపోతుంది. లావు కేబులు వేయండి, లేదా పొడవు తగ్గించండి. కనెక్టరు చుట్టూ తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు లాగి చుట్టండి. ఉరుములు మొదలవగానే కేబులు సెట్టు నుంచి ఊడదీసి కిటికీ బయట పెట్టాలి. ఒట్టి చేతి సెట్టుకైతే యాంటెన్నా మొదట్లో, కనెక్టరు బయటి లోహానికి 49 సెంటీమీటర్ల తీగ తగిలించి కిందికి వేలాడదీస్తే 145 మెగాహెర్ట్జ్‌లో అందుకోవడం, పంపడం రెండూ మెరుగవుతాయి.

బావోఫెంగ్ యూవీ-5ఆర్ వంటి చవక సెట్టు మొదటికి సరిపోతుంది. అయితే అది హ్యామ్ పట్టీల బయట కూడా ప్రసారం చేయగలదు, అదే దానితో ప్రమాదం. ఛానెళ్లు ముందే నింపి, కీప్యాడ్ తాళం వేసి ఇవ్వండి. మాట లేనప్పుడు గరగరను మూసేసే స్క్వెల్చ్ మరీ ఎక్కువ పెడితే దూరపు గొంతు అసలు తెరుచుకోదు, ఒకటి రెండు దగ్గర ఉంచండి. అన్నిటికంటే పెద్ద లోపం ఒకరి దగ్గరే లైసెన్సు ఉండడం. హ్యామ్ మాట్లాడేది హ్యామ్‌తోనే. పి.గన్నవరంలో ఒకరు, రాజోలులో ఒకరు, అమలాపురంలో ఒకరు ఉంటేనే అది వల అవుతుంది.

సముద్రం మీదకు: మెరైన్ వీహెచ్‌ఎఫ్, ట్రాన్స్‌పాండరు

నర్సాపురం, అంతర్వేది, కాకినాడ రేవుల నుంచి వేటకెళ్లేవాళ్లకు పై సెట్లేవీ ప్రాణరక్షణకు సరిపోవు. ఓడలు, పడవలు మాట్లాడుకునే రేడియో మెరైన్ వీహెచ్‌ఎఫ్. అందులో 16వ ఛానెల్, 156.8 మెగాహెర్ట్జ్, ప్రపంచమంతటా ఆపద పిలుపుకు కేటాయించింది. దగ్గర్లో ఉన్న ఓడలు, తీర రక్షక దళం వినేది ఇదే. చేతి సెట్టు పడవ నుంచి పడవకు కొన్ని కిలోమీటర్లే. పడవకు బిగించే 25 వాట్ల సెట్టు, పైన యాంటెన్నా ఉంటే చాలా ముందుకు పోతుంది. దీనికి లైసెన్సు తప్పనిసరి.

తీరం కనుమరుగైన చోట నమ్మవలసింది ఉపగ్రహ ట్రాన్స్‌పాండరు. లక్ష మత్స్య పడవలకు ఇవి బిగించే కేంద్ర కార్యక్రమం 2024లో మొదలైంది. వాతావరణ హెచ్చరిక పడవకు వస్తుంది, ఆపద కబురు ఒడ్డుకు వెళుతుంది, టవరుతో పనిలేదు. బిగించుకున్నాక బ్యాటరీ తీగ ఊడదీసి ఫోను ఛార్జింగుకు వాడుకోవడం మాత్రం చేయకండి. తీరంలో ఫోను అందితే కోస్ట్ గార్డు నంబరు 1554.

కంప్యూటరుకు తగిలించే ఎస్‌డీఆర్

ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ వేలెడంత పరికరం, రేడియో పనంతా సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఇంజనీరింగు చదివే పిల్లలకు ఇంతకంటే మంచి పాఠశాల లేదు. 137 మెగాహెర్ట్జ్ పట్టీలో రష్యా మెటియోర్ ఉపగ్రహాల నుంచి బంగాళాఖాతం మేఘాల బొమ్మ నేరుగా డాబా మీదకే దించుకోవచ్చు. ఒక్కొక్కటి 53 సెంటీమీటర్ల రెండు కడ్డీలు, మధ్య 120 డిగ్రీల కోణం, నేలకు సమాంతరంగా, వీ ఆకారం తెరిచిన వైపు ఉత్తరానికో దక్షిణానికో ఉంటే చాలు. పాత వీడియోలు నోవా-15, 18, 19 ఉపగ్రహాలను పట్టమంటాయి. ఆ మూడింటినీ 2025లో ఆపేశారు, వాటికోసం గంటలు వెచ్చించకండి.

వరద రాత్రికి మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. ల్యాప్‌టాప్ ఛార్జింగు అయిపోతే అంతా అయిపోయినట్టే.

| ఏ సెట్టు | వినడం | మాట్లాడడం | లైసెన్సు | కరెంటు లేకుండా | ఎవరికి |
|---|---|---|---|---|---|
| అమెరికా స్కానరు | ఇక్కడ పనికి రాదు | లేదు | చట్టపరమైన చిక్కు | ఒక రోజు లోపు | అమెరికాలో ఉన్నవాళ్లకు |
| ట్రాన్సిస్టర్ | ఆకాశవాణి బులెటిన్లు | లేదు | అక్కర్లేదు | సెల్లతో రోజుల తరబడి | ప్రతి ఇంటికీ |
| 446 వాకీటాకీ | జతలోని సెట్టు | ఒకటి రెండు కిలోమీటర్లు | అక్కర్లేదు | ఒక రోజు | చెరువులకు, రేవుకు |
| హ్యామ్ సెట్టు | తోటి హ్యామ్‌లు | ఎత్తును బట్టి 5–25 కిలోమీటర్లు | పరీక్ష రాయాలి | అదనపు బ్యాటరీలతో | ఊరి బృందానికి |
| మెరైన్ వీహెచ్‌ఎఫ్ | ఓడలు, తీరం | యాంటెన్నాను బట్టి | తప్పనిసరి | పడవ బ్యాటరీ మీద | వేట పడవకు |
| ఎస్‌డీఆర్ | ఉపగ్రహ చిత్రాలు, ప్రసారాలు | లేదు | అనుమతి ఉన్నవే వినాలి | ల్యాప్‌టాప్‌ను బట్టి | విద్యార్థికి |

లంకలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ట్రాన్సిస్టరు, రెండు జతల సెల్లు, ఒక టార్చి చాలు. ఇంకేదీ అంటగట్టకండి. రొయ్యల రైతుకు దానికి తోడు 446 జత. ఊళ్లో కుర్రాళ్ల సంఘం దగ్గర పాతిక వేలుంటే అయిదు వాకీటాకీలు కొనేకంటే ముగ్గురిని హ్యామ్ పరీక్షకు కూర్చోబెట్టి, మిగిలింది యాంటెన్నా గొట్టం మీద పెట్టడం మంచిది. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి మొంథా నర్సాపురం దగ్గర తీరం దాటినట్టు, తుపాను చీకట్లో కూడా రావచ్చు. ఏ సెట్టైనా లైట్లార్పి ఒకసారి వాడి చూసుకోవాలి.

అమెరికా నుంచి పిల్లలు ఏదో ఒకటి తెస్తామని పట్టుబడితే మంచి మీడియం వేవ్ రేడియో తెమ్మనండి. అక్కడి అత్యవసర రేడియోల మీద "వెదర్ బ్యాండ్" అని గొప్పగా రాసివుంటుంది. అది 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ మధ్య వాళ్ల వాతావరణ శాఖ ప్రసారాలకు, మనకు అందులో ఏమీ వినపడదు. ఇంకో మెలిక ఉంది. అక్కడ మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 10 కిలోహెర్ట్జ్, ఇక్కడ 9. అంకెలు చూపించే సెట్టు 10 చొప్పున దూకితే 830 తర్వాత 840కి పోతుంది, విజయవాడ 837 ఆ రెంటి మధ్య ఉండిపోతుంది. కొట్లోనే సెట్టు ఆన్ చేసి 837 కొట్టి చూడమనండి. నిలవకపోతే 9, 10 మార్చే ఏర్పాటు ఎక్కడుందో అడగమనండి. అదీ లేకపోతే ఆ సెట్టు వదిలేసి, ముల్లు తిప్పే పాతరకం డయలు రేడియో తెమ్మనండి.